పక్షి స్నానం చేసేదాకా

మా బావకి చూపు మందగించిందనీ, బొగ్గుమసి పట్టిన మామూలు సీగల్‌ని చూసి అరుదైన పక్షి అన్నాడనీ, పక్కనున్న మరదలు ఓపిగ్గా నిలబడి నిజం తేల్చిందనీ పక్షుల్ని చూడ్డానికి తిరిగే మా గుంపులో ఒక కథ చెప్పుకుంటారు. కొత్తగా చేరినవాళ్ళకి ముందు టీ ఇస్తారు, తర్వాత ఈ కథ ఇస్తారు. నవ్వుతూ మొదలుపెట్టి జాలిగా ముగిస్తారు. ఆ మరదలు నేనే. కథలో గెలిచింది నేనే. అయినా చెప్తున్నాను, అది అలా జరగలేదు. నేను ఓపిగ్గా నిలబడే మనిషిని కాను, అది మొదటి అబద్ధం. రెండోది బావ చూపు గురించి. దానికి కాస్త వెనక్కి వెళ్ళాలి.

బావ అంటే మా అప్ప మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. స్టీల్ ప్లాంటులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు, కూర్మన్నపాలెంలో ఉంటారు. నైట్ షిఫ్టు దిగిన ఉదయాల్లో మిగతావాళ్ళు ఇంటికి పోయి పడుకుంటే ఈయన సైకిలేసుకుని చెరువుల వెంట తిరిగేవాడు. ఎవరూ నేర్పలేదు. ఐటీఐ చదువుతో, ఒక పాత పుస్తకంలో బొమ్మలు చూసి, ఒక్కో పక్షినీ తనే తేల్చుకున్నాడు. నేను జువాలజీలో డిగ్రీ చేశాను. కప్పని కోశాను, బొద్దింకని కోశాను, ప్రాణంతో ఉన్న పక్షిని మాత్రం ఒక్కదాన్ని కూడా సరిగ్గా చూడకుండానే పాసయ్యాను. తర్వాత పోర్టు దగ్గర షిప్పింగ్ ఆఫీసులో ఉద్యోగం. నలభై దాటాక, చెయ్యడానికి ఇంట్లో తగువులు కూడా మిగలని రోజుల్లో, బావ వెనక స్కూటర్ ఎక్కాను. అప్పటి నుంచి నన్ను ‘డిగ్రీ మరదలా’ అని పిలుస్తాడు. వెక్కిరింపే. బావా మరదళ్ళ మధ్య వెక్కిరింపుకి లైసెన్సు అక్కర్లేదు.

వానలు వెనకబట్టి, అల్పపీడనాల కబుర్లు మొదలయ్యే రోజుల్లో సీగల్స్ వస్తాయి. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపల పేగుల కోసం కొట్టుకుంటాయి. అందరూ అక్కడే చూస్తారు. బావ మాత్రం మేఘాద్రిగెడ్డ రిజర్వాయరుకి వెళ్ళేవాడు. సముద్రం మీద తిరిగే పక్షికి కూడా ఒళ్ళు కడుక్కోడానికి మంచినీళ్ళు కావాలని ఆయన కనిపెట్టాడు. పొద్దున్న హార్బర్లో కడుపు నింపుకుని, ఎండెక్కేసరికి గుంపులు గుంపులుగా రిజర్వాయరుకి వచ్చి స్నానాలు చేస్తాయి. తొంభై తొమ్మిది పాళ్ళు మామూలు గోధుమ తల సీగల్సే. ఆ గుంపులో ఎప్పుడో ఒకసారి ఎక్కడో ఉత్తరాన పుట్టిన నల్ల వీపు సీగల్ ఒకటి దారితప్పి కలుస్తుందేమోనని బావ ఏళ్ళ తరబడి ఎదురుచూశాడు. పెద్ద పక్షి, పలక రంగు వీపు, పసుపు కాళ్ళు. సముద్రం ఒడ్డున ఇంకోచోట చూసినవాళ్ళున్నారు. మేఘాద్రిగెడ్డలో బావ చూడలేదు. ఆయనకి కావలసింది అక్కడే.

ఇక గాల్లో ఎగిరొచ్చి పడే బొగ్గుమసి సంగతి. విశాఖపట్నంలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, బయటివాళ్ళ కోసం చెప్తున్నాను. మా వన్‌టౌన్ ఇంట్లో పొద్దున్న తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రం వేలు పెట్టి గీస్తే వేలు నల్లగా వస్తుంది. ఆరేసిన తెల్ల చీర మడతపెట్టేటప్పుడు దులిపి, వాసన చూసి, మళ్ళీ దులుపుతాం. దుమ్ము ఎవరిదన్న తగువు వేరే, అది నేను వేరే చోట పెట్టుకుంటాను. ఇక్కడ చెప్పేదేమిటంటే, నల్లగా కనపడిన ప్రతిదాన్నీ మసి అనుకోవడం మాకు చేతి అలవాటు. ముందు తుడుస్తాం, తర్వాత చూస్తాం.

ఈ కథ జరగడానికి ముందు ఏడాది మా గుంపులో మధురవాడ నుంచి వచ్చే కంప్యూటరు ఉద్యోగుల జట్టు ఒకటి, ఫిరంగుల్లాంటి కెమెరాలతో హార్బర్లో ఒక నల్లటి సీగల్‌ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి గంతులేశారు. నేను చూశాను. నలుపు వీపు మీదే లేదు, పొట్టకీ ఉంది, మెడకీ ఉంది, అచ్చు మా కిటికీ తెరలాగే. "నాయనలారా, ఇది బొగ్గు కుప్ప మీద కూచున్న పక్షి. రేపు రిజర్వాయరుకి రండి, ఉతికి చూపిస్తాను," అన్నాను. మర్నాడు నిజంగానే ఆ పక్షి వచ్చింది. నీళ్ళలో పావుగంట తల ముంచి, రెక్కలు కొట్టి, పైకొచ్చి నిలబడేసరికి ఎప్పుడూ చూసే బూడిద రంగు వీపు, తెల్ల పొట్ట. ఆ రోజు నుంచి నా పేరు మసి మేడమ్. గుంపుకి ఒక కొత్త నియమం కూడా వచ్చింది: విశాఖపట్నంలో నల్లటి సీగల్ కనబడితే అది స్నానం చేసేదాకా రాయకూడదు. నియమం నాది. దాని మీద నాకు ఎంత మక్కువో చెప్తే సిగ్గు. అల్లుడికి పెట్టినట్టు దాన్ని సాకాను.

బావ కంటి సంగతి బయటపడింది ఆ తర్వాతే. నీటికాసులు, అదే గ్లాకోమా. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి అన్నారు డాక్టరు. గుంపులో అందరూ ‘అంకుల్‌కి కనపడదు’ అని తీర్మానించేశారు. నీటికాసులు అలా చెయ్యదు. అది ముందు అంచుల్ని తింటుంది, నడుమ జోలికి ఆఖర్న వస్తుంది. బావకి పక్కనుంచి వచ్చే ఆటో కనపడదు, ఎదురుగా ఉన్న సూది కనపడుతుంది. "గొట్టంలోంచి సూసినట్టుంది మరదలా. మీరంతా డబ్బులెట్టి కొనుక్కున్న బైనాక్యులర్సు నాకు దేవుడు ఊరికే ఇచ్చీసేడు," అన్నాడు. స్కూటర్ మాత్రం అమ్మేశాడు. అప్పటి నుంచి నా స్కూటీ మీద ఆయన వెనక, నేను ముందు. మా అప్ప గేటు దగ్గర నిలబడి, "బాగుంది, పెల్లికూతుర్ని ఎక్కించుకున్నట్టు ఎక్కించుకున్నావు. తిరిగి అప్పజెప్పు," అనేది.

ఆ ఏడాది సీజన్ మొదట్లో ఆయన తన పుస్తకం నాకు చూపించాడు. ప్లాంటులో వాడే పొడుగాటి లాగ్‌బుక్కు లాంటిది. తను కచ్చితంగా చూసినవే రాస్తాడు, ‘కాబోలు’ అన్న మాట అందులో ఎక్కడా లేదు.

"ఇందులో నానెప్పుడు తప్పు పిట్టని రాయబోతే అప్పుడు దీన్ని మూసెత్తాను," అన్నాడు. "కల్లు మోసం సేసినాక రాసుకోడం ఏటి, అది పుస్తకం కాదు, పుకారు."

"ఎవరు చెప్తారు తప్పని?"

"నువ్వున్నావు కాదేటి. ఊరికే కూకుంటావా?"

నవ్వాను. అది నాకు అప్పజెప్పిన పని అని ఆ క్షణంలో తట్టలేదు.

తుఫాను ఒకటి పైకి ఎటో మళ్ళిపోయిన మర్నాడు, కార్తీక సోమవారం. నేను ఉపవాసం. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఖాళీ కడుపుతో నాతో వాదించకూడదని ఇంట్లో అందరికీ తెలుసు. రిజర్వాయరు గట్టు మీద ముందు రోజు వనభోజనాలకి వచ్చినవాళ్ళ విస్తరాకులు ఇంకా దొర్లుతున్నాయి. నీళ్ళు ఎర్రగా, నిండుగా ఉన్నాయి. అవతల ఇసుక మేట మీద ముప్పై దాకా సీగల్స్. నేను టెలిస్కోపు మూడుకాళ్ళ మీద నిలబెట్టేలోపలే బావ తన పాత బైనాక్యులర్స్ ఎత్తి, గుంపు మీద ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా జరుపుకుంటూ పోయి, ఆగాడు. ఆగి, దించలేదు.

"వచ్చింది," అన్నాడు.

"ఏటి వచ్చింది?"

"నల్ల వీపుది. కుడి సేతి పక్క, మోడు కాడ. తల తెల్లగుంది, మెడ తెల్లగుంది, వీపొక్కటే నలుపు. పక్కోటి దాని ముందు పిల్లలాగుంది."

టెలిస్కోపు అటు తిప్పాను. మోడు దగ్గర నల్లటి పక్షి ఉంది. మోకాళ్ళ దాకా నీళ్ళలో ఉంది, కాళ్ళు కనపడవు. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళలోకి కొడుతోంది.

"మసి," అన్నాను.

"మసి కాదు. మసైతే పొట్టకి అంటదా?"

"ఎండలో పొట్ట ఎవరికి తెలుస్తాది బావా? స్నానం చెయ్యనీ."

"నీ స్నానం గోల నీది. సైజు సూడు ముందు."

"సైజు దూరంలో మోసం చేస్తాది. నువ్వే కదా నేర్పేవు?"

"నేర్పినోన్నే సెప్తన్నాను."

"నేర్పినోడి కల్లు కూడా..." అన్నాను. అక్కడితో ఆపాను. ఆపినా, అనేసినట్టే. బావ బైనాక్యులర్స్ కళ్ళ నుంచి తియ్యలేదు. "సరే. తానం సెయ్యనీ," అన్నాడు. మామూలుగానే అన్నాడు.

అప్పుడు థర్మాకోల్ దిమ్మెలు కట్టిన తెప్ప మీద వలవాడొకడు మోడుకీ మేటకీ మధ్య నుంచి పోయాడు. గుంపంతా లేచింది. తెల్లటి గోల. తిరిగి వాలింది. నేను టెలిస్కోపుతో వెతికాను, నల్లటి పక్షి దొరికింది, నీళ్ళలోకి దిగుతోంది. చూస్తూనే ఉన్నాను. తల ముంచింది, రెక్కలు కొట్టింది, ఒళ్ళు విదిలించింది. ఇసుక మీదకి ఎక్కేసరికి బూడిద వీపు, ఎర్ర కాళ్ళు. అచ్చు మా మామూలుది. ఫోన్ తీసి టెలిస్కోపు కంటికి ఆనించి ఫొటో కొట్టాను. అప్పుడు నాలో లేచిన సంతోషం గురించి నేను అబద్ధమాడను. పక్షి గురించిన సంతోషం కాదు అది.

"తెల్లబడిందా?" అన్నాడు బావ.

"సుబ్బరంగా. కాళ్ళెరుపు. రా, చూడు."

బావ టెలిస్కోపు దగ్గరికి రాలేదు. బైనాక్యులర్స్ ఇంకా కళ్ళకే ఉన్నాయి.

"ఏ పిట్టని సూత్తన్నావు మరదలా?"

"నీ పిట్టనే."

ఒక్క క్షణం ఏమీ అనలేదు. ఆ క్షణం ఎంతసేపన్నది అప్పుడు లెక్కపెట్టుకోలేదు, ఇప్పుడు రోజూ లెక్కపెట్టుకుంటున్నాను. తర్వాత బైనాక్యులర్స్ దించి, తాడు మెడకి సరిచేసుకుని, "అయితే సరే," అన్నాడు.

స్కూటీ వెనక మనిషి మాట్లాడకపోతే బరువెక్కుతాడు. ఆ సాయంత్రం వాట్సాప్ గుంపులో ఆయనే రాయించాడు, టైపు చేసింది అప్ప: ఈ రోజు మేఘాద్రిగెడ్డలో నల్ల వీపు సీగల్ అనుకున్నాను, నా పొరపాటు, మరదలు సరిచేసింది. కింద నేను నా ఫొటో పెట్టాను, మధ్యలో పక్షి పెద్దగా కనపడేలా అంచులు కోసేసి. చప్పట్ల బొమ్మలు వరసగా పడ్డాయి. బావ లాగ్‌బుక్కు చివరి పేజీలో తేదీ వేసి, సంతకం పెట్టి, బీరువా మీద పెట్టేశాడు. మాట మీద నిలబడే మనిషి. నేను ఆ మాట గుర్తుచేసుకునేసరికే అది జరిగిపోయింది.

మొన్న వానాకాలంలో ఫోన్ నిండిపోయిందని పాత ఫొటోలు తీసేస్తున్నాను. కోసింది గుంపుకి పంపాను కానీ అసలుది ఫోన్లోనే ఉంది. వేలితో జరుపుతుంటే కుడి అంచున ఒక పక్షి సగానికి పైగా కనపడింది. కొంచెం అలుక్కుపోయి ఉంది. అయినా తల తెల్లగా ఉంది, మెడ తెల్లగా ఉంది, వీపు పలక రంగు. పక్కనున్న మామూలు సీగల్ దాని ముందు పిల్లలాగుంది. ఇసుక మీద నిలబడ్డ కాళ్ళు పసుపు. మంచం మీద కూచున్నదాన్ని లేచి నిలబడ్డాను, ఎందుకో తెలీదు.

మసి పక్షీ ఉంది, నల్ల వీపు పక్షీ ఉంది. ఒకే గుంపులో, ఒకే ఉదయం. తెప్ప గుంపుని లేపినప్పుడు నేను ఒక పక్షిని వదిలి ఇంకోదాన్ని పట్టుకున్నాను. ఉతికింది ఒకదాన్ని, తీర్పు చెప్పింది ఇంకోదానికి.

ఆ ఆదివారమే కూర్మన్నపాలెం వెళ్ళాను. బావ ఫోన్ తీసుకుని, ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని, రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"బాగుంది," అన్నాడు.

"బాగుందేటి బావా! నీదే రైటు. పుస్తకం తియ్యి, రాద్దాం."

"పుస్తకం మూసీసేను కదా."

"తప్పు రాయబోతే మూసేస్తానన్నావు. తప్పు కాదు కదా! మరెందుకు మూసినట్టు?"

"నువ్వు సూసింది నువ్వు రాసుకో. నా పిట్ట నాకెరికే," అని ఫోన్ నా చేతిలో పెట్టి, పెరట్లో కుళాయి కట్టడానికి వెళ్ళిపోయాడు. కుళాయి కారడం లేదు. నేను చెవిపెట్టి విన్నాను, చుక్క చప్పుడు లేదు.

వంటింట్లోంచి అప్ప వచ్చింది. అరచెయ్యి కొంగుకి తుడుచుకుంటూ, "ఎందుకే దాన్ని తవ్వుతావు? ఆ రోజు ఆయన ఇంటికొచ్చినప్పుడు నీలాగే నానూ బయపడ్డాను, అన్నం ముట్టడేమోనని. రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. మద్దేనం గుర్రెట్టి పడుకున్నాడు. ఓడిపోయినోడు అలాగ తింతాడేటి?" అంది.

నా దగ్గర జవాబు లేకపోవడం ఆ ఇంట్లో ఒక విశేషం. అప్ప ఫిల్టర్ కాఫీ రెండోసారి ఇచ్చింది.

గుంపులో తప్పు దిద్దాలి కదా. అసలు ఫొటో పెట్టి, పొరపాటు నాది, అంకుల్ చూసింది నల్ల వీపు సీగలే, అని రాశాను. ఏం జరిగిందనుకున్నారు? మధురవాడ జట్టులో ఒకాయన, ‘అంచున బ్లర్ ఉంది మేడమ్, రికార్డుకి పనికిరాదు’ అన్నాడు. సరే, అది న్యాయమే, నేనైనా అదే అందును. కానీ మిగతావాళ్ళు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ‘అంకుల్ మనసు నొప్పించకూడదని ఎంత మంచి మాట అన్నారు మేడమ్’ అని ఒకావిడ. నా జన్మలో నన్ను మంచిదని ఎవరూ అనలేదు. అన్న ఒక్కసారీ అది నేను నిజం చెప్పిన పాపానికి. ఆ కథలో ఇప్పుడు ఇంకో వాక్యం కూడా కలిసింది: మరదలు ఎంత మంచిదంటే, తర్వాత తనదే తప్పని ఒప్పుకుంది.

అందుకే ఇదంతా. బావ కళ్ళు తప్పు చూడలేదు. నా నియమం మంచిదే, ఇప్పటికీ వాదిస్తాను. దాన్ని పట్టుకున్న చెయ్యే మంచిది కాదు. నియమం పక్షి కోసం పెట్టాను, వాడింది మనిషి మీద.

అయితే నన్ను తినేస్తున్నది నా తప్పు కాదు. తప్పులు నాకు కొత్తేం కాదు, ఇంట్లో వాటికి ఒక అలమర ఉంది. నన్ను తినేస్తున్నది ఆ క్షణం. నేను టెలిస్కోపులో ఎర్ర కాళ్ళు చూస్తున్నప్పుడు బావ బైనాక్యులర్స్ ఎటు ఉన్నాయి? గుంపు లేచినప్పుడు ఆయన కూడా నాలాగే ఒక పక్షిని వదిలి ఇంకోదాన్ని పట్టుకున్నాడా, లేక నడుమ ఒక్కటే చూడగలిగే ఆ కళ్ళు తన పక్షిని వదలకుండా పట్టుకుని, దాంతోపాటే లేచి, దాంతోపాటే వాలాయా? తన పక్షి ఇసుక మీద పసుపు కాళ్ళతో నిలబడి ఉండగా, పక్కనున్న నేను వేరే పక్షిని చూసి గెలిచానని ఎగురుతుంటే, ఏ పిట్టని చూస్తున్నావని అడిగి, నా జవాబు విని, ‘అయితే సరే’ అన్నాడా? అన్నాళ్ళు ఎదురుచూసింది దొరికాక ఇక రాయాల్సిందేమీ లేదనుకున్నాడా? అంచులు పోతున్న మనిషికి మర్యాదగా తప్పుకోడానికి ఒక తలుపు కావాలి, ఆ తలుపు నా నోరే అయిందా? లేక ఉత్తినే నన్ను నమ్మాడా? నమ్మడమే అన్నిటికన్నా భరించలేనిది.

ఈ కార్తీకంలో మళ్ళీ వెళ్తున్నాం. ఆయన పుస్తకం తేవడం లేదు, బైనాక్యులర్స్ తెస్తున్నాడు. గట్టు మీద పక్కపక్కనే నిలబడతాం. "ఏటున్నాయి మరదలా?" అంటాడు. ఉన్నవి చెప్తాను. నల్లటిది ఏదైనా ఉంటే ఎటు పక్కన ఉందో, కాళ్ళు కనపడుతున్నాయో లేదో కూడా చెప్తాను. మసి అన్న మాట ముందుగా అనడం మానేశాను. అడగాల్సింది అడుగుదామని పోయిన సోమవారం నోరు తెరిచాను. "అదిగో, తెప్పోడొత్తన్నాడు, గుంపు లెగుత్తాది సూడు," అన్నాడు. గుంపు లేచింది, నేను చూశాను, మాట పోయింది.

కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను. అప్ప ఇది ఆయనకి చదివి వినిపిస్తుంది, తప్పించుకోడానికి ఇక్కడ కుళాయి లేదు, తెప్ప లేదు. బావా, ఆ రోజు నీ పిట్ట కాళ్ళు నువ్వు సూసేవా, సూడలేదా?